వేలు ముడుచుకుని టక్కుమంటోందా? ట్రిగ్గర్ ఫింగర్ అవునో కాదో ఇంట్లోనే చూసుకునే పద్ధతి

"పొద్దున లేచేసరికి ఉంగరపు వేలు ముడుచుకుని ఉంటోంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటోంది. మధ్య కణుపు దగ్గర ఒకటే నొప్పి. కీళ్లవాతమా? నరం పట్టేసిందా?"

ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటిన ఆడవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, కత్తెర పట్టే టైలర్లు. అందరూ చూపించే చోటు ఒకటే, వేలి మధ్య కణుపు. బామ్ రాసేదీ, ఎక్స్‌రే తీయించేదీ దానికే. ఇది ట్రిగ్గర్ ఫింగరే అయితే తప్పు ఆ కణుపులో లేదు, అరచేతిలో ఉంది. ఈ ఒక్కటీ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వేలిని ముడిచే కండరం ముంజేతిలో ఉంటుంది. అక్కణ్నుంచి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, అరచేతి మీదుగా వేలి కొస దాకా వస్తుంది. అది ఎముకను వదిలి పైకి లేవకుండా దారి పొడవునా చిన్న చిన్న పట్టీలు ఉంటాయి. వాటిలో మొదటిది, అరచేతిలో వేలి మొదలుకు కాస్త కింద ఉండేది, ఏ1 పుల్లీ. ఆ పట్టీ మందమెక్కి ఇరుకైనా, టెండన్ మీద ఉబ్బు వచ్చినా, లంగా బొందులో పడ్డ ముడి కుట్టు మడత దగ్గర తట్టుకున్నట్టు అక్కడ ఆగిపోతుంది. గట్టిగా లాగితే దాటుతుంది, ఆ దాటడమే మీకు వినిపించే టక్కు. ఫ్రెంచి డాక్టర్ అల్ఫాన్స్ నోట్టా 1850లోనే ఈ ఉబ్బు గురించి రాశాడు. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

ముందు ఇది చదవండి

కింది వాటిలో ఏదైనా ఉంటే ఈ పరీక్షలేవీ చేసుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ముల్లో, చేప ఎముకో, సూదో గుచ్చుకున్న వేలు ఒకటి రెండు రోజుల్లో మొత్తం వాచింది. వేలు కాస్త ముడుచుకునే ఉంటోంది. ఎవరైనా మెల్లగా చాపబోయినా ప్రాణం పోయేంత నొప్పి. అరచేతి వైపు వేలి పొడవునా ఎక్కడ నొక్కినా నొప్పే. ఇవి టెండన్ చుట్టూ ఉండే తొడుగులో చీము పట్టిందనడానికి గుర్తులు. డాక్టర్లు వీటిని కనావెల్ గుర్తులంటారు. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. "ఒకరోజు చూద్దాం" అనుకుంటే వేలు పనికిరాకుండా పోవచ్చు.

దెబ్బ తగిలాక, లేదా తెగిన గాయం తర్వాత, వేలు అసలు ముడవలేకపోతున్నా చాపలేకపోతున్నా అది కూడా వేరే సంగతే. టెండన్ తెగి ఉండొచ్చు.

కావలసినవి

- పొద్దున నిద్ర లేవగానే ఒక పది నిమిషాలు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం.
- వీడియో తీసే ఫోన్, వీలైతే దాన్ని పట్టుకునే మనిషి.
- బాల్‌పెన్, జానెడు దారం.
- నోట్ చేసుకోవడానికి కాగితం.

ఆ వేలికి ఉంగరం ఉంటే ఇప్పుడే తీసేయండి. రాకపోతే సబ్బు నురగ రాసి తిప్పుతూ తీయండి. వాపు పెరిగాక కంసాలి దగ్గరికి వెళ్లి కోయించుకోవాల్సి వస్తుంది. పెళ్లి ఉంగరమని మొహమాటపడకండి.

1. వేడినీళ్లు తగలకముందే పిడికిలి పట్టి చూడండి

ట్రిగ్గర్ ఫింగర్ పొద్దున్నే ఎక్కువగా బయటపడుతుంది. స్నానం చేసి, నాలుగు గిన్నెలు తోమేసరికి వేలు సాగి, లక్షణం దాక్కుంటుంది. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లి "ఇప్పుడు రావట్లేదండీ" అని ఇబ్బంది పడేవాళ్లు అందుకే ఎక్కువ.

మంచం మీద కూర్చునే, అరచేయి పైకి పెట్టి, మెల్లగా పిడికిలి బిగించండి. ఇప్పుడు అన్ని వేళ్లూ ఒకేసారి మెల్లగా తెరవండి. రెండో చెయ్యి సాయం పట్టవద్దు. మిగతా వేళ్లు లేచాక ఒక్క వేలే వెనకబడి, ఆగి, ఒక్క ఉదుటున తెరుచుకుంటోందా? అది బలమైన గుర్తు. ఎక్కువగా ఉంగరపు వేలు, బొటనవేలు ఇలా చేస్తాయి. ఏ వేలికైనా రావచ్చు, ఒకేసారి రెండు మూడు వేళ్లకూ రావచ్చు.

2. పదిసార్లు చేయండి, వీడియో తీయండి

ఒక్కసారి టక్కుమనలేదని వదిలేయకండి. మొదట్లో అప్పుడప్పుడే పట్టుకుంటుంది. మెల్లగా పదిసార్లు ముడిచి తెరవండి. ఫోన్‌ను చేతికి పక్కగా పెట్టి వీడియో తీయండి, పైనుంచి తీస్తే వేలు ఎక్కడ ఆగిందో సరిగ్గా కనబడదు. డాక్టర్‌కు ఈ వీడియో మీ మాటలకన్నా ఎక్కువ చెబుతుంది.

పది చాలు. వచ్చిందా రాలేదా అని రోజంతా ముడిచి తెరుస్తూ కూర్చుంటే లోపల రాపిడి పెరిగి, లేని వాపు కూడా వస్తుంది. చాలామందికి ఇది తెలియకుండానే అలవాటైపోతుంది. బస్సులో కూర్చున్నా, టీవీ చూస్తున్నా టక్కు టక్కుమనిపించుకుంటూ ఉంటారు.

ఇక్కడే మెటికల అనుమానం తీర్చుకోండి. మెటిక ఒకసారి విరిస్తే అదే కణుపు వెంటనే మళ్లీ విరగదు, దాదాపు ఇరవై నిమిషాలు ఆగాలి. ట్రిగ్గర్ టక్కు అలా కాదు, ముడిచిన ప్రతిసారీ రావచ్చు. నొప్పి లేకుండా, పట్టుకోకుండా, అన్ని వేళ్లలో పటపటమంటుంటే అది మెటికలే, దిగులు అక్కర్లేదు.

3. అసలు చోటు పట్టుకోండి

ఈ మెట్టును తొందరపడి దాటేయకండి. నిర్ధారణ చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

అరచేతి వైపు మీ వేలి మీద గీతలు చూడండి. వేలి మధ్య కణుపు దగ్గర ఒక గీత, వేలు అరచేతిని కలిసేచోట ఇంకో గీత ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరాన్ని దారంతో కొలవండి. అదే దారాన్ని రెండో గీత నుంచి అరచేతిలోకి, మణికట్టు వైపు తిన్నగా పెట్టి, కొస దగ్గర పెన్నుతో చుక్క పెట్టండి. ఏ1 పుల్లీ మణికట్టు వైపు అంచు సరిగ్గా అక్కడుంటుంది. హ్యాండ్ సర్జన్లు వాడే కొలతే ఇది. మీరు నొక్కాల్సింది ఆ చుక్క మీదా, దానికి కాస్త వేలి వైపూ.

దారం లేకపోతే ఇంకో దారి ఉంది. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి ఆ చోటు, చేయి చూసి జోస్యం చెప్పేవాళ్లు హృదయరేఖ అనే గీత దగ్గర వస్తుంది. చూపుడు వేలికి అయితే దాని కిందున్న శిరోరేఖ దగ్గర. మధ్య వేలికి ఆ రెంటి నడుమ.

ఇప్పుడు రెండో చేతి బొటనవేలితో అక్కడ నొక్కండి. మూడు విషయాలు చూడాలి.

- నొప్పి ఉందా? రెండో చేతిలో అదే వేలి కింద అదే చోట అంతే బలంతో నొక్కి పోల్చండి. పోల్చకుండా నిర్ణయించవద్దు. గట్టిగా నొక్కితే ఎవరికైనా కాస్త నొప్పే.
- చిన్న గడ్డ తగులుతోందా? సాధారణంగా బఠానీ గింజంత, అంతకన్నా చిన్నదీ కావచ్చు.
- బొటనవేలిని అక్కడే ఉంచి, ఆ వేలిని ముడిచి తెరవండి. గడ్డ మీ బొటనవేలి కింద జారుతోందా? టక్కు అక్కడే తగులుతోందా?

నొక్కితే నొప్పి ఉండి, వేలు కదిపినప్పుడు టక్కు ఆ చోటే తగిలితే ట్రిగ్గర్ ఫింగర్ అని దాదాపు అనుకోవచ్చు. గడ్డ తగలకపోయినంత మాత్రాన కాదని కొట్టిపారేయకండి, అందరికీ చేతికి అందేలా ఉండదు. టక్కు మధ్య కణుపులోనే వస్తున్నట్టు మనసు చెబుతూనే ఉంటుంది. చేతి కింద తగిలేదాన్ని నమ్మండి.

4. బొటనవేలికైతే

బొటనవేలికి దారం కొలత పనికిరాదు. దాని మొదట్లో, అరచేతిని కలిసేచోట మడత గీత ఉంటుంది. ఆ గీత మీదే నొక్కి చూడండి. ముడిచి తెరవాల్సింది గోటికి దగ్గరున్న పై కణుపును. పట్టుకునేది అక్కడే.

నొప్పి అరచేతి వైపు కాకుండా మణికట్టు పక్కన, బొటనవేలి వరసలో ఉండి, చంటిబిడ్డను ఎత్తుకున్నా, నీళ్ల బిందె వంచినా లాగుతుంటే అది డీక్వెర్వేన్ అనే వేరే జబ్బు. బాలింతల్లో ఎక్కువ. చికిత్సకు వాడే పట్టీ కూడా వేరు.

5. ఏ దశలో ఉందో రాసుకోండి

- మొదటి దశ: పట్టుకున్నట్టు అప్పుడప్పుడు అనిపిస్తుంది, అరచేతిలో నొక్కితే నొప్పి. చూపించమంటే టక్కు రాదు.
- రెండో దశ: టక్కుమని ఆగుతుంది, కానీ సాయం లేకుండా తనంతట తనే తెరుచుకుంటుంది.
- మూడో దశ: రెండో చేత్తో లాగితే తప్ప తెరుచుకోదు. లేదా వేలు పూర్తిగా ముడవనివ్వదు.
- నాలుగో దశ: రెండో చేత్తో లాగినా మధ్య కణుపు పూర్తిగా చాపుకోదు.

మూడో దశలో "ముడవలేకపోవడం" కూడా ఉందని గమనించండి. ట్రిగ్గర్ ఫింగర్ అంటే ముడుచుకుపోవడమేనని అందరూ అనుకుంటారు. కొందరికి వేలు చాచి ఉన్నప్పుడే ఇరుక్కుంటుంది, పిడికిలి పట్టడం కుదరదు. టక్కు లేదు కాబట్టి ఇది కాదనుకుని ఏళ్ల తరబడి తిరుగుతారు.

లాక్ అయిన వేలిని విదిలించి లాగకండి. గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, మెల్లగా, కొసను పట్టుకోకుండా మధ్య భాగాన్ని పట్టుకుని తెరవండి. రాకపోతే బలప్రయోగం వద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

6. దీన్ని పోలినవాటిని తీసేయండి

తిమ్మిరి ఉందా? బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో లేచి చేయి విదిలించుకుంటుంటే అది మణికట్టులో నరం నలిగే కార్పల్ టన్నెల్. ట్రిగ్గర్ ఫింగర్‌లో తిమ్మిరి ఉండదు. కాకపోతే రెండూ ఒకే చేతికి రావడం అరుదేమీ కాదు. అందుకే ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకడం ఆపకండి.

పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటోంది? గంట దాటి, రెండు చేతుల్లోనూ, చాలా కణుపుల్లో వాపుతో ఉంటే రుమటాయిడ్ కీళ్లవాతం అనుమానించాలి. రక్తపరీక్షలు కావాలి. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు ట్రిగ్గర్ ఫింగర్ కూడా రావచ్చు. అలాంటప్పుడు ఆపరేషన్ పద్ధతి మారవచ్చు కాబట్టి ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పండి.

నమస్కారం పెట్టండి. షుగర్ పాతబడ్డవాళ్లలో కొందరు మోచేతులు ఎత్తి నమస్కారం పెడితే అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనవు, మధ్యలో సందు ఉంటుంది. నొప్పి లేకుండా చాలా వేళ్లు బిగుసుకుపోవడం షుగర్ తెచ్చే మరో ఇబ్బంది.

అరచేతిలో చర్మం కింద గట్టి తీగ కనబడుతూ, నొప్పి గానీ టక్కు గానీ లేకుండా, వేలు ఏళ్ల తరబడి నెమ్మదిగా వంగిపోతోందా? వేలు ముడవడానికి ఇబ్బంది లేదు, చాపడమే కుదరడం లేదా? అది డ్యుపుట్రెన్. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో ఎక్కువ, మన దగ్గర తక్కువ.

బంతి తగిలాక వేలి కొస మాత్రమే వాలిపోతే అది మాలెట్ ఫింగర్. టక్కు చేతి వెనకవైపు, పిడికిలి ఎముక మీద కనబడుతూ ఉంటే వెనకనున్న టెండన్ పక్కకు జారుతోందేమో చూపించుకోవాలి.

7. షుగర్ చూపించుకోండి

షుగర్ లేదని మీకు నమ్మకమున్నా సరే. సాధారణ జనంలో జీవితకాలంలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో నూటికి పది మంది దాకా వస్తుంది. ఒకటికన్నా ఎక్కువ వేళ్లు పట్టుకుంటుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్ష రెండూ చేయించడం మంచిదని నా అభిప్రాయం.

పని వల్లే వచ్చిందా అని అడుగుతారు. కత్తెర, బీడీల పని, గట్టిగా పట్టుకునే పనిముట్లు ఉన్న జబ్బును రెచ్చగొడతాయి, సందేహం లేదు. పనే మూలకారణమని మాత్రం తేల్చి చెప్పడం కష్టం. ఏ బరువు పనీ చేయని చేతులకూ ఇది వస్తుంది.

అందరూ చేసే తప్పులు

రబ్బరు బంతి నొక్కడం. "వేళ్లు బలహీనపడ్డాయి, ఎక్సర్‌సైజు చేయి" అని ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ బలం లోటు లేదు, దారి ఇరుకైంది. బంతి నొక్కితే ఆ ఇరుకులోంచే టెండన్‌ను పదే పదే లాగినట్టు. మానేయండి.

కణుపు మీద మర్దన. కొబ్బరినూనె, పసుపు పట్టు, ఉప్పు కాపడం హాయిగా ఉంటే అభ్యంతరం లేదు, కాలకుండా చూసుకోండి. షుగర్ వల్ల చేతికి స్పర్శ తగ్గినవాళ్లు వేడి కాపడం జోలికి వెళ్లొద్దు. గడ్డను బొటనవేలితో నలిపి కరిగించాలని చూడటం మాత్రం వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది.

నరాల బిళ్లలు. ఇది నరం జబ్బు కాదు. విటమిన్ బీ12 తక్కువుంటే వేసుకోండి, దాంతో వేలు మాత్రం తెరుచుకోదు. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ కనబడిందని మెడికల్ షాపులో అడిగి గౌట్ బిళ్లలు మొదలుపెట్టడమూ ఇలాంటిదే.

ఎక్స్‌రే బాగుందని ఊరుకోవడం. టెండన్, పట్టీ ఎక్స్‌రేలో కనబడవు. ఈ జబ్బును డాక్టర్ చేత్తో పట్టి చూసే తేలుస్తారు. అనుమానం ఉన్నచోట అల్ట్రాసౌండ్ తీస్తారు.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకోటుంది. టక్కు ఆగిపోయింది కాబట్టి తగ్గిపోయిందనుకోవడం. నొప్పికి భయపడి వేలిని పూర్తిగా ముడవడం మానేస్తే టక్కు రాదు. వేలు బిగుసుకుపోయినా టక్కు రాదు. నిజంగా తగ్గిందో లేదో చూడాలంటే పిడికిలి పట్టి వేలి కొస అరచేతికి తగులుతోందా చూడండి. తర్వాత చేతిని బల్ల మీద బోర్లా పెట్టి వేలు పూర్తిగా ఆనుతోందా చూడండి. రెండూ కుదిరి, అరచేతిలో నొక్కినా నొప్పి లేకపోతేనే తగ్గినట్టు. వారానికోసారి, పొద్దున్నే చూసుకుంటే చాలు.

డాక్టర్‌ను కలిసేలోపు, కలిశాక

మొదటి రెండు దశల్లో రాత్రిపూట వేలు ముడుచుకోకుండా పట్టీ వేసుకోవచ్చు. మెడికల్ షాపుల్లో ఫింగర్ స్ప్లింట్ దొరుకుతుంది. లేకపోతే ఐస్‌క్రీమ్ పుల్లకు మెత్తటి గుడ్డ చుట్టి, వేలికి అరచేతి వైపు పెట్టి టేపు వేయండి. గోరు రంగు మారినా, వేలు తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయండి. దీని ఫలితం రోజుల్లో తెలియదు, వారాలు పడుతుంది, సాధారణంగా ఆరు వారాలు చూస్తారు. పగలు కత్తెర, చాకు, స్క్రూడ్రైవర్ పిడులకు గుడ్డ చుట్టి లావు చేయండి. బట్టలు పిండే పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి.

మూడో దశకు వస్తే ఇంట్లో కాలయాపన వద్దు. ఎముకల డాక్టర్ గానీ, చేతి ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్ గానీ చూస్తారు. జిల్లా ఆసుపత్రి ఆర్థో ఓపీలోనూ చూపించుకోవచ్చు. ఎక్కువగా ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దానితోనే తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు అంత బాగా పనిచేయకపోవచ్చు, పైగా కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. గ్లూకోమీటర్‌తో రోజూ చూసుకోండి, ఇన్సులిన్ వాడేవాళ్లు ముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి. తగ్గకపోతే అరచేతిలో ఇరుకైన ఆ ఏ1 పట్టీని తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది. ఎక్కువగా ఆ చోటుకే మత్తిచ్చి చేసి, అదే రోజు ఇంటికి పంపేస్తారు.

వెళ్లేటప్పుడు వీడియో, ఏ వేలు ఎప్పటి నుంచి, ఏ దశ, షుగర్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే అడక్కముందే చెప్పండి.

చిన్నపిల్లల బొటనవేలు

ఏడాది, రెండేళ్ల పిల్లల బొటనవేలు పై కణుపు దగ్గర వంగి, చాపుకోకుండా ఉంటే చాలామంది తల్లిదండ్రులు ఎక్కడో పడి విరగ్గొట్టుకున్నారనుకుంటారు. బొటనవేలి మొదట్లో చిన్న గడ్డ తగిలి, బిడ్డ నొప్పని ఏడవకుండా మామూలుగా ఆడుకుంటుంటే అది పిల్లల్లో వచ్చే ట్రిగ్గర్ థంబ్ కావచ్చు. పెద్దల పరీక్షలు వాళ్లకు పనికిరావు, ఇంజెక్షన్ కూడా సాధారణంగా ఇవ్వరు. నూనె రాసి బలవంతంగా సాగదీసి కట్లు కట్టించకండి. పిల్లల ఎముకల డాక్టర్‌కు చూపించండి. కొందరికి కాలక్రమంలో తనంతట తనే సర్దుకుంటుంది కాబట్టి డాక్టర్ కొన్నాళ్లు ఆగి చూద్దామంటే కంగారు పడకండి, తీసుకురమ్మన్న రోజుకు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.